రక్షణ తేదీ చెప్పలేకపోతున్న ఒక అబ్బాయికి జవాబు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. పదమూడో ఏట బాప్తిస్మం తీసుకున్నావు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం ఆరాధన మానవు, కానుక వేస్తావు, పాటలన్నీ నోటికొచ్చు. ఈమధ్య ఒక పెళ్లి సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి ఫోన్లో "బాబూ, నువ్వు రక్షణ పొందింది ఎప్పుడు? నీ సాక్ష్యం చెప్పు" అని, అంటే యేసుని నమ్మి ఏ రోజు, ఎలా మారావో చెప్పమని అడిగితే నీకు నోట మాట రాలేదు. అప్పటి నుంచీ టెన్షన్. "కూటంలో అందరూ ఏడుస్తూ ప్రార్థిస్తుంటే నాకేమీ అనిపించదు. అసలు నాకు యేసుతో వ్యక్తిగత సంబంధం ఉందా, లేక ఇన్నేళ్లూ నటిస్తున్నానా? ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాం, ఏం చెప్పమంటారు?" అని అడిగావు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, బాప్తిస్టు సంఘం. సండే స్కూలు పిల్లలకి ఇప్పటికీ పాఠం చెబుతాను. నీకు నా చిన్నకొడుకు వయసుంటుంది, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

"వ్యక్తిగత సంబంధం" అనే మాట బైబిల్లో ఎక్కడా లేదు. ఇంగ్లిష్ ప్రసంగాల్లోంచి మన కూటాల్లోకి వచ్చింది. దాని వెనకున్న సత్యం గొప్పదే. అయితే మన తెలుగులో సంబంధం అనగానే ఒకరోజు కుదిరేది, తాంబూలాలు మార్చుకుని ఖాయం చేసుకునేది అనే ఊహ వచ్చేస్తుంది. అందుకే అందరూ తేదీ అడుగుతారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:9 తీసి చూడు. దేవుడు మనల్ని తన కుమారుడి "సహవాసమునకు" పిలిచాడని ఉంటుంది. సహవాసం అంటే కలిసి మెలగడం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు అనేవాళ్లు. ఏ రోజున వారు వీరయ్యారో ఎవరూ రాసి పెట్టుకోరు. కానీ అయ్యారని ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది.

నీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మనం విన్న సాక్ష్యాల్లోంచి వచ్చింది. యేసు శిష్యుల్ని హింసించడానికి పోతున్న పౌలుకి దమస్కు దారిలో వెలుగు. సాధు సుందర్ సింగ్‌కి 1904 డిసెంబరులో తెల్లవారుజామున దర్శనం. భక్త సింగ్ గారు పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదువుకని విదేశాలకి వెళ్లి, కెనడాలో ఉండగా 1929లో కొత్త నిబంధన చదువుతూ చదువుతూ ప్రభువుకి లోబడ్డారు. తర్వాత హైదరాబాద్‌లో హెబ్రోను అనే సంఘ కేంద్రం నుంచి ఏళ్ల తరబడి సేవ చేసి 2000లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఇవన్నీ నిజమే, విలువైనవే. అయితే వీళ్లంతా వేరే దారిలో పోతూ మలుపు తిరిగినవాళ్లు. మలుపు తిరిగినవాడికి ఆ చోటు గుర్తుంటుంది.

అదే పౌలు పక్కనే అతని శిష్యుడు తిమోతి ఉన్నాడు. పౌలు మారిన కథ అపొస్తలుల కార్యాల్లో మూడుసార్లు వస్తుంది, 9లో, 22లో, 26లో. తిమోతిది ఒక్కసారి కూడా లేదు. అతని విశ్వాసం గురించి పౌలు రాసింది 2 తిమోతి 1:5లో ఉంది, అమ్మమ్మ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉన్న నిష్కపటమైన విశ్వాసం నీలోనూ ఉందని నమ్ముతున్నాను అని. పౌలు అతన్ని తేదీ అడగలేదు. "నిష్కపటమైన" అన్న ఒక్కమాట మాత్రం వాడాడు. ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

తేదీ ఉన్నవాళ్లకి అనుమానాలు ఉండవనుకుంటున్నావేమో. ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీకి 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో గుండె వెచ్చబడిన అనుభవం కలిగింది, ప్రసంగాల్లో ఎన్నోసార్లు విని ఉంటావు. ఎనిమిది నెలలైనా కాకముందే, 1739 జనవరి 4న, నేను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కాను అని ఆయనే తన డైరీలో రాసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లు గుర్రమెక్కి ఊరూరా సువార్త చెప్పాడు. మదర్ థెరిసా 1997లో చనిపోయాక, ఆవిడ తన ఆత్మీయ పెద్దలకి రాసుకున్న ఉత్తరాలు పదేళ్లకి బయటికొచ్చాయి. దాదాపు 50 ఏళ్లు ప్రార్థనలో ఆవిడకి తెలిసింది చీకటీ ఖాళీయే. అయినా రోజూ ప్రార్థించింది, రోజూ వీధిలో పడి ఉన్నవాళ్లని ఎత్తుకుంది. బాబూ, అనిపించకపోవడం ఒక్కటే పెట్టుకుని విశ్వాసం లేదని తేల్చేస్తే, 88వ కీర్తన రాసిన వ్యక్తిని కూడా బయటికి పంపాల్సొస్తుంది. ఆ కీర్తన చివరిదాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటి మీదే ఆగుతుంది. దేవుడు దాన్ని తన గ్రంథంలోంచి తీసేయలేదు.

మా ప్రాంతం మాట కూడా ఒకటి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా మహా కరవు. అమెరికా నుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకి తీసుకుని మావాళ్లకి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వండని జనం వచ్చినా ఆయన ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరవు పని ముగిశాక కూడా ఆ జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకి ఇద్దరేసి నీళ్లలోకి దిగి. ఎక్కువమంది మాదిగవాళ్లు. పన్నెండేళ్ల ముందు తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య గారు విశ్వసించి పల్లెపల్లెకీ నడిచి చెప్పిన మాటే వాళ్లని అక్కడికి తెచ్చింది. మా తాతగారి తాత ఆ ఏట్లో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. వీళ్లు ఊళ్లకి ఊళ్లుగా, కుటుంబాలుగా వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో దర్శనం లేదు. కానీ నీళ్లలోకి దిగేటప్పుడు మాత్రం ఎవరికి వాళ్లే దిగారు. ఊరు కలిసి వచ్చినా, ముంచేటప్పుడు పట్టుకునేది ఒక్క మనిషినే.

ఇప్పుడు నా సంగతి. ఇది అంత తేలిగ్గా చెప్పే విషయం కాదు.

మావారికి కిడ్నీలు పాడై రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. అప్పటికి నేను విశ్వాసినై 22 ఏళ్లు. స్త్రీల కూటంలో ప్రార్థన ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్లు, మాటలు బాగా కుదురుతాయని. "పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ, కృపాకనికరములు గల దేవా, నీ ఘనమైన నామమునకు స్తుతులు చెల్లించుచున్నాము" అని మొదలుపెడితే తడుముకోకుండా పది నిమిషాలు సాగేది. ఆ రోజుల్లోనే ఒక ప్రసంగికుడు మా ఇంటికొచ్చి, ఒప్పుకోని పాపమేదో ఉంది కాబట్టే స్వస్థత ఆగిందని నలుగురి ముందు అన్నాడు. మావారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను కాఫీ ఇచ్చి పంపించాను. ఆ తర్వాతి శుక్రవారం కూటంలో మళ్లీ అంత బాగానూ ప్రార్థించాను.

ఒక నైట్ డ్యూటీలో, రెండు దాటి ఉంటుంది, వార్డు సద్దుమణిగింది. మందుల గదిలో స్టీలు బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ప్రార్థన మొదలుపెట్టాను. "పరిశుద్ధుడవైన" దగ్గరే ఆగిపోయాను. తర్వాతి మాట రాలేదు. కాసేపటికి నా నోట్లోంచి వచ్చింది ఇది: "నాకు నీ మీద కోపంగా ఉంది. ఆయన్ని బాగు చెయ్యవు, తీసుకెళ్లవు. నాకు నిద్ర లేదు. సోమవారం పిల్లల ఫీజు కట్టాలి, డబ్బుల్లేవు. నువ్వు వింటున్నావో లేదో కూడా నాకు తెలియట్లేదు." ఏ స్వరమూ వినిపించలేదు. వెలుగూ రాలేదు. 14వ నంబరు మంచం ముసలమ్మ "సిస్టరమ్మా, నీళ్లు" అని పిలిస్తే వెళ్లి పట్టాను. అంతే జరిగింది. మావారు ఇంకో ఎనిమిది నెలలకి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

కానీ ప్రభువుతో నేను దాచకుండా మాట్లాడిన మొదటి మాటలు అవే. 22 ఏళ్లు ఆయన గురించి చక్కగా మాట్లాడాను, ఆయన ఎదుట చక్కగా మాట్లాడాను. ఆయనతో మాట్లాడింది మాత్రం ఆ రాత్రే. మా ఇంట్లో నాన్నని మీరు అనేవాళ్లం, అమ్మని నువ్వు అనేవాళ్లం. తెలుగు బైబిల్లో దేవుణ్ణి నీవు అంటాం కదా, అది గ్రంథం భాష అనుకునేదాన్ని. అమ్మని పిలిచే నువ్వే అదని ఆ మందుల గదిలో తెలిసింది. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా తండ్రిని "అబ్బా" అనే ఇంటిమాటతోనే పిలిచాడు. మార్కు 14:36లో మన అనువాదకులు ఆ మాటకి "నాయనా" అని పెట్టారు. ఎంత మంచి మాట ఎంచారో చూడు.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. నువ్వు నాకు రాసిన "నాకేమీ అనిపించట్లేదు, నటిస్తున్నానేమో" అన్న మాట ఆయనకి ఎప్పుడైనా చెప్పావా? నా లెక్కలో, ఇన్నేళ్లలో నీ దగ్గర్నుంచి వచ్చిన అత్యంత నిష్కపటమైన ప్రార్థన అదే. పంపాల్సిన చోటుకి ఇంకా పంపలేదు, అంతే. గదికి వెళ్లి, ఫోన్ బయట పెట్టి, అదే మాట ఆయనతో చెప్పు. నీకొచ్చే భాషలోనే చెప్పు. టెన్షన్ అనే మాట ఆయనకీ అర్థమవుతుంది.

యోహాను 21వ అధ్యాయం నిదానంగా చదువు. పేతురు అంతకుముందు అందరి ముందూ గట్టిగా చెప్పినవాడు, వీళ్లంతా నిన్ను వదిలినా నేను వదలనని. తర్వాత ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలికాచుకుంటూ మూడుసార్లు ఆయనెవరో ఎరగనన్నాడు. ఇప్పుడు తిబెరియ సముద్రం ఒడ్డు. రాత్రంతా వలలు వేసినా ఏమీ పడలేదు. తెల్లవారాక ఒడ్డున యేసు నిప్పులు చేసి చేపలు కాలుస్తున్నాడు. బొగ్గుల మంటకి యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో రెండేచోట్ల ఉంది, ఆ ముంగిట్లో ఒకటి, ఈ ఒడ్డున ఒకటి. అదే పొగ, అదే వాసన. పేతురుకి ఏం గుర్తొచ్చి ఉంటుందో ఊహించు. యేసు ముందు అన్నం పెట్టాడు. తిన్నాకే అడిగాడు, యోహాను కుమారుడవైన సీమోనూ, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు. ఈసారి పేతురు గొప్పలు చెప్పలేదు. "నీవే ఎరుగుదువు" అన్నాడు. నా గుండెలో ఎంతుందో నేను కొలవలేను, నీకే తెలుసు అని. ఆ జవాబుని యేసు సరిపోదనలేదు, వెంటనే గొర్రెల్ని మేపమని పని చెప్పాడు.

నీకు ఆయన ఎంత తెలుసు అన్నదానికంటే, ఆయనకి నువ్వు తెలుసు అన్నది ముందు. గలతీయులకు రాస్తూ పౌలు కూడా మీరు దేవుణ్ణి ఎరిగినవారు అనబోయి, కాదు, దేవుడు మిమ్మల్ని ఎరిగినవాడు అని తన మాట తనే దిద్దుకున్నాడు, 4:9లో. మత్తయి 7లో ప్రవచించినవాళ్లూ దయ్యాలు వెళ్లగొట్టినవాళ్లూ వస్తారు, ఆయన "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అంటాడు. వాళ్లకి సేవ ఉంది, సాక్ష్యం ఉంది, పేరుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు నా పది నిమిషాల ప్రార్థనలు గుర్తొస్తాయి.

వాక్యం సంగతి. మనవాళ్లలో చాలామంది బైబిల్ చదవడం వాగ్దానాల దగ్గరే ఆగిపోయింది. డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డు తీసుకుంటాం, పొద్దున్నే వాట్సాప్‌లో ఇంకొకటి వస్తుంది. యిర్మీయా 29:11 ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో. ఆ మాట బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోది. దాని పైనే, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, 70 ఏళ్లు పడుతుంది అని ఉంది. ఆ 70 ఏళ్లని కత్తిరించి వాగ్దానం ఒక్కటే కార్డు మీద వేశాం. ఒక మనిషి మాటల్లో మనకి నచ్చిన వాక్యాలే ఏరుకుంటే ఆ మనిషి మనకి తెలియడు.

నువ్వు మార్కు సువార్తతో మొదలుపెట్టు. 16 అధ్యాయాలే, నాలుగింటిలోకీ చిన్నది. మొదటిసారి కథలాగా చదివేయి. రెండోసారి రోజుకి ఒక్క సంఘటన దగ్గరే ఆగు. మొదటి అధ్యాయం చివర్లో కుష్ఠరోగి వస్తాడు. బాగుచేయడానికి మాట చాలు, కానీ ఆయన చెయ్యి చాపి ముట్టుకున్నాడు. నేను కుష్ఠు పుండ్లకి కట్లు కట్టిన మనిషిని. చేతికి గ్లౌజులు ఉన్నా, మొదటిసారి ముట్టుకునేటప్పుడు లోపల ఒక క్షణం వెనకాడతాం, ఆ క్షణాన్ని రోగి మన ముఖంలో చూసేస్తాడు. ఎన్నేళ్ల తర్వాతో ఒక మనిషి చెయ్యి అతని ఒంటిమీద పడింది. ఇలా ఆయన్ని దగ్గరగా చూడటం అలవాటైతే, ఆయన ఏం చేస్తాడో ఏం చెయ్యడో నీకే తెలుస్తుంది.

అది తెలియడం ఎందుకు అవసరమంటే, "ప్రభువు నాతో మాట్లాడాడు" అని నీ దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు. ఫలానా అమ్మాయినే చేసుకోమన్నాడు, ఇంత కానుక ఇమ్మన్నాడు అంటారు. యేసు గొంతు సువార్తల్లో విని ఉన్నవాడికి అరువు గొంతు తెలిసిపోతుంది. ఆయన ఎవర్నీ నలుగురి ముందు గోడవైపు తిప్పి పడుకోబెట్టలేదు.

ఇంకొకటి, ఈ సహవాసం నీ గది తలుపులోపలే ఉండిపోదు. మా తోడికోడలితో నాకు ఆరేళ్లు మాటల్లేవు, పొలం గట్టు గొడవ. కానుక అర్పించే ముందు నీ మీద కోపం ఉన్నవాళ్లతో సమాధానపడమన్న మత్తయి 5:23 చదివాక, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేకపోయాను. బల్ల ఆదివారం ముందురోజు వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ వాకిట్లో చేపలు తోముతోంది, తలెత్తలేదు. నేను పక్కన కూర్చుని రెండో కత్తిపీట లాక్కుని తోమడం మొదలుపెట్టాను. పులుసు ఉడికేలోపు మాటలు కలిశాయి. గట్టు గొడవ పూర్తిగా తీరలేదు, ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ ఆ రోజు యేసు నాతో ఉన్నాడని నాకు తెలిసినంత గట్టిగా ఏ ఉజ్జీవ కూటంలోనూ తెలియలేదు.

ఆదివారం సంగతికి వద్దాం. కథ అల్లకు. కన్నీళ్లు తెచ్చుకోకు. ఆ తండ్రిగారు కూతురి మేలు కోరి అడుగుతున్నారు, ఆయన్ని గౌరవించు. ఇలా చెప్పవచ్చు: "అంకుల్, నేను ఫలానా రోజు మారాను అని చెప్పలేను. మా అమ్మ ఒళ్లో యేసు పేరు నేర్చుకున్నాను. ఆయన నా కోసం చనిపోయి లేచాడని నమ్ముతున్నాను. నాలో పొడిగా ఉన్న చోట్లు ఉన్నాయి, వాటి గురించి ఈమధ్యే ఆయనతో దాచకుండా మాట్లాడటం మొదలుపెట్టాను." ఇందులో నీకు నిజం కానిది ఏదైనా ఉంటే ఆ మాట తీసేయి. తీసేశాక మిగిలిందే నీ సాక్ష్యం. దానికి వాళ్లు వద్దంటే బాధ ఉంటుంది. కానీ అబద్ధపు సాక్ష్యంతో కుదిరిన ఇంట్లో జీవితాంతం ఆ వేషం విప్పలేవు. అమ్మాయితో మాట్లాడే వీలిస్తే తేదీ అడగకు. ఈమధ్య ప్రభువుతో ఏం మాట్లాడావని అడుగు, నీది ముందు చెప్పి.

ఆదివారానికి ఐదు రోజులుంది. రోజుకి మూడు అధ్యాయాల చొప్పున మార్కు చదువు. 9వ అధ్యాయంలో ఒక తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి అని ఒకే గుక్కలో అంటాడు, అక్కడ కాసేపు కూర్చో. శనివారానికి 15 అవుతాయి. ఆఖరిది ఆదివారం వాళ్లింటికి వెళ్లే దారిలో చదువుకో. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలకి చెప్పి పంపిన కబురు 7వ వచనంలో ఉంటుంది. శిష్యులతో చెప్పండి అని ఊరుకోకుండా, ఒక మనిషిని పేరు పెట్టి చెప్పారు. ఎరగనన్నవాడి పేరే అది, చూసుకో.